ఎనిమిది కార్లు వరసగా వెళ్లడానికి వాకీటాకీలు: ఏవి కొనాలి?

రావులపాలెం_సెంటర్:

నమస్కారమండి. మా బృందంలో ఎనిమిది కార్లు. రావులపాలెంలో బయల్దేరి కొత్తపేట, అమలాపురం, బోడసకుర్రు వంతెన, రాజోలు, దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు దాకా వెళ్లాలని. ఫోన్లో గ్రూప్ కాల్ పెట్టుకుంటే మధ్యలో ఎవరికో వేరే కాల్ వస్తుంది, సిగ్నల్ పోతుంది, ఇక పనికిరాదు. ఆన్‌లైన్లో ఐదు వాట్ల సెట్లు చవగ్గా కనిపిస్తున్నాయి, డబ్బా మీద పది కిలోమీటర్లు అని రాసి ఉంది. అవి తీసుకోవచ్చా? లైసెన్సు కావాలా? యాంటెన్నా కారు పైకప్పు మీద పెట్టాలా? ఎన్ని కొనాలి?

ఏటిగట్టు_446:

వాట్ల సంగతి తర్వాత, ముందు లైసెన్సు తేల్చుకోండి. మన దేశంలో లైసెన్సు లేకుండా మామూలు జనం వాడుకునే వాకీటాకీ బ్యాండు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్. 12.5 కిలోహెర్ట్జ్ ఎడంతో అందులో 16 ఛానళ్లు పడతాయి, మొదటిది 446.00625, చివరిది 446.19375. పవరు అర వాటు. బ్యాండు సరిపోతే చాలదు, ఆ మోడల్‌కి ఈటీఏ కూడా ఉండాలి. టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఆమోదం అది. 2025లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆన్‌లైన్ అమ్మకందారు ఫ్రీక్వెన్సీ, ఆమోదం వివరాలు పేజీలోనే చూపాలి. అవి లేని పేజీలో ఎంత చవకైనా కొనకండి.

మీరు చూసిన ఐదు వాట్ల సెట్లు చాలామట్టుకు రెండు బ్యాండ్లవి. 136 నుంచి 174 దాకా, 400 పైన ఎక్కడికైనా తిప్పుకోవచ్చు. చిక్కు అక్కడే ఉంది. పొరపాటున మీట నొక్కితే పోలీసు ఛానల్లోకి పోతుంది, లేదా ఓడలూ పడవలూ ఆపదలో పిలుచుకునే 156.8 మీదకి పోతుంది. అంతర్వేది, నరసాపురం పక్కన అది ఆట కాదండి. దాన్నే 446కి పెట్టి పవరు తగ్గించుకుంటాం అంటారు కొందరు. తగ్గించినా ఆమోదం లేని సెట్టు ఆమోదం లేనిదే.

విదేశీ వీడియోలు చూసి మోసపోకండి. అమెరికా వాళ్లు చెప్పేవి 462, 467 మెగాహెర్ట్జ్ సెట్లు, ఆస్ట్రేలియా వాళ్లవి 476, 477. అక్కడ చెల్లుతాయి, ఇక్కడ చెల్లవు. బంధువులు తెచ్చిచ్చినా సరే.

లాకుల_రేవు:

పై మాటకి తోడు, అర వాటు చాలదేమో అన్న బెంగ తీరుస్తాను. ముందు మీ వరస పొడవు లెక్కేయండి. గంటకి 60 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. కారుకీ కారుకీ మూడు సెకన్ల ఎడం వదిలితే 50 మీటర్లు. ఎనిమిది కార్ల మధ్య ఏడు ఎడాలు, 350 మీటర్లు; కార్ల పొడవులు కలిపితే నాలుగొందల లోపే. దానికి అర వాటు ఎక్కువే. పరీక్ష వచ్చేది వరస తెగినప్పుడు. వెనక సగం రెండు నిమిషాలు ఎక్కడన్నా ఆగిపోయి, ముందు సగం అదే వేగంతో పోతే మధ్యలో రెండు కిలోమీటర్లు వచ్చేస్తుంది. తోక కారు ‘తెగాం’ అని చెప్పాల్సింది ఆ రెండు నిమిషాల్లోపే. మీరు కొనే రేడియో పని అదొక్కటే, పది కిలోమీటర్లు కాదు.

మన నేల బల్లపరుపు కాబట్టి కొండ అడ్డం రాదు. అడ్డం వచ్చేవి కొబ్బరితోటలూ, ఊళ్లో డాబాలూ, ముందున్న లారీలూ. వరి చేల మధ్య తిన్నని రోడ్డు మీద కారు నుంచి కారుకి కిలోమీటరు, ఒకటిన్నర వస్తుంది. రోడ్డుకి రెండు పక్కలా తోట ఉండి వంపు తిరిగితే సగానికి పడిపోతుంది. వాన పడి ఆకు తడిస్తే ఇంకా తగ్గుతుంది, ఈ ఫ్రీక్వెన్సీని తడి ఆకు బాగా పీల్చేస్తుంది. అమలాపురం ఊళ్లో నాలుగైదు వందల మీటర్లే లెక్కేసుకోండి. వంతెన మీద మాత్రం ఎత్తు కలిసొస్తుంది. ముందు కారు చించినాడ వంతెన నడి మధ్య నుంచి తోకని పిలిస్తే దిగాక పిలిచినదానికంటే చాలా దూరం అందుతుంది. హాజరు పిలుపు అక్కడ పెట్టుకోండి.

సెట్టు ఎక్కడ పెడతారన్నది మోడల్ కంటే ముఖ్యం. కారు ఇనప డబ్బా, మాట బయటికి పోయే దారి అద్దాలే. కప్పు హోల్డర్లో వేస్తే ఇంజనూ, తలుపులూ, మన ఒళ్లూ కలిసి మింగేస్తాయి. పక్క సీట్లో వాళ్లు అద్దం ఎత్తుకి, యాంటెన్నా నిలువుగా పట్టుకోవాలి. ఒకరు నిలువుగా, ఒకరు పడుకోబెట్టి పట్టుకుంటే ఉన్న బలం కూడా పోతుంది. లోహపు పూత ఉన్న సన్‌ఫిల్మ్ అయితే ఆ కారుకి అందే దూరం బాగా తగ్గుతుంది, వాళ్లని వరస మధ్యలో పెట్టండి. పైకప్పు యాంటెన్నా ఆశ వదులుకోండి. ఈ సెట్లకి యాంటెన్నా ఊడి రాదు, రాకూడదు కూడా.

పది కొనండి. ఎనిమిది కార్లకి ఎనిమిది, ముందు కారులో ఒకటి, తోక కారులో ఒకటి స్పేరు. పదీ ఒకే మోడల్. అనలాగ్ సెట్టూ డిజిటల్ సెట్టూ ఒకదాని మాట ఒకటి వినలేవు.

రావులపాలెం_సెంటర్:

బాగా అర్థమైందండి. మా వాళ్లలో ఒకాయన సీబీ రేడియో (27 మెగాహెర్ట్జ్ దగ్గర మామూలు జనం వాడుకునేది) అంటున్నాడు, ఇంకొకాయన హ్యామ్ (సరదాకి రేడియో నడిపేవాళ్ల లైసెన్సు) పరీక్ష రాసేద్దాం అంటున్నాడు. వాటి మాటేంటి?

ఎరియల్_గట్టు:

సీబీ చట్టం ప్రకారం తప్పేం కాదు. 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకా 5 వాట్లకి 2005 నుంచే లైసెన్సు మినహాయింపు ఉంది. కానీ అమెరికా సెట్లో 40 ఛానళ్లుంటాయి. 27వ ఛానల్ 27.275, మన హద్దు లోపలే. 28వది 27.285, హద్దు దాటిపోయింది. అంటే 27 పైన ముట్టుకోకూడదు. పైగా ఆ తరంగం పొడవు 11 మీటర్లు. పావు తరంగం యాంటెన్నా కావాలంటే రెండు మీటర్ల డెబ్భై అయిదు. కురచ యాంటెన్నాతో పవరు చాలా వృథా అవుతుంది, ఇంజను గోల కూడా చెవిలోకొస్తుంది. 446కి పావు తరంగం 17 సెంటీమీటర్లు, చేతిలో ఇమిడిపోతుంది. మీ పనికి సీబీ దండగ.

హ్యామ్ మంచి విద్యే. 144–146, 434–438 మెగాహెర్ట్జ్ మీద ఎక్కువ పవరు, పైకప్పు యాంటెన్నా అన్నీ కుదురుతాయి. అయితే మీట నొక్కే ప్రతి మనిషికీ లైసెన్సుండాలి. బృందంలో ఒకరికి ఉంటే మిగతా ఏడు కార్లకి చెల్లదు. ఎనిమిది మందీ రాసి పాసైతే అప్పుడు చూద్దాం.

ఏటిగట్టు_446:

సెట్లొచ్చాక అమర్చుకునే తీరు చెప్తాను, గొడవంతా ఇక్కడే వస్తుంది.

ఛానల్ 5 అసలు, 2 ప్రత్యామ్నాయం అనుకోండి. 8 దాటి వెళ్లొద్దు, పాత సెట్లలో ఎనిమిదే ఉంటాయి. సబ్-టోన్ అంటే మన మాటతో పాటు పోయే, చెవికి వినపడని గుర్తు శబ్దం; అదే టోను వస్తేనే అవతలి సెట్టు మాట వినిపిస్తుంది. అది పదింటికీ ఒకటే ఉండాలి. ఒక్కరిది తేడా ఉన్నా వాళ్ల మాట మీకు వినపడదు, మీ మాట వాళ్లకి వినపడదు, సెట్టు పాడైందనుకుంటారు. ఇంకో అపోహ: టోను పెట్టుకుంటే రహస్యమని. కాదు. వేరేవాళ్ల మాట మన చెవిన పడకుండా మూస్తుందంతే, మన మాట అందరికీ పోతూనే ఉంటుంది. కాబట్టి బయల్దేరే ముందు టోను తీసేసి రెండు నిమిషాలు ఛానల్ వినండి. పెళ్లి పందిట్లో వీడియో వాళ్లూ, క్యాటరింగు వాళ్లూ ఇవే వాడుతుంటారు.

వాక్స్ ఆపేయండి. మాట వినపడగానే దానంతటదే ప్రసారం మొదలెట్టే సదుపాయం అది. కారులో ఏసీ గాలికీ, హారనుకీ, పాటలకీ కూడా మొదలైపోతుంది, ఛానల్ అంతా మూసుకుపోతుంది. మాట చివర వచ్చే కీచు బీపు కూడా ఆపండి. ఛానల్ ఖాళీ లేనప్పుడు ప్రసారం ఆపే లాకు ఉంటే వేయండి. ఒకేసారి ఎక్కువసేపు మాట్లాడితే కట్ చేసే టైమర్ 60 సెకన్లకి పెట్టండి. సీటు మధ్య మీట నొక్కుకుపోయినా అంతకు మించి దిగ్బంధం ఉండదు. కీ లాకు తప్పనిసరి, పిల్లల చేతిలో ఛానల్ మారిపోతుంది.

మాట్లాడే పద్ధతి: మీట నొక్కి, ఒక సెకను ఆగి, అప్పుడు మొదలెట్టండి. వెంటనే మొదలెడితే ‘ఆగండి’ కాస్తా ‘గండి’ అయి కూర్చుంటుంది. నోటికి నాలుగు వేళ్ల దూరం, మాట పక్కనుంచి పోయేలా. పేర్లు వద్దు, కారు నంబర్లు చాలు: ఒకటి, రెండు, ఎనిమిది. నడిపేవాళ్లు మాట్లాడకూడదు, పక్కవాళ్ల పని అది. ఒంటరిగా నడిపేవాళ్లుంటే స్పీకర్ మైకు సీటు బెల్టుకి తగిలించండి. వినడం చాలు, జవాబు ఆగాక. తోక మాట తలకి అందకపోతే నాలుగో కారు అందుకుని చెప్పాలి, అడిగించుకోకుండా.

ఎండాకాలమైతే సెట్టు డ్యాష్‌బోర్డు మీద వదలకండి, లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది. ఎక్కువసేపు వినడమే కాబట్టి ఒక ఛార్జి పూటంతా వస్తుంది. అయినా ఛార్జింగు కేబుళ్లు రెండు పెట్టుకోండి.

రావులపాలెం_సెంటర్:

ఒక్క మాటండి. తిరుగు దారిలో నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (కార్లని గోదారి దాటించే పెద్ద పడవ) మీద దాటాలనుంది. అందరం ఒకే ట్రిప్పులో పట్టకపోతే?

లాకుల_రేవు:

ఆయ్, నీళ్ల మీద అడ్డమేం లేదండి, అర వాటు అవతలి రేవుకి హాయిగా అందుతుంది. ముందు కారు మొదటి ట్రిప్పులో, తోక కారు చివరి ట్రిప్పులో. దిగాక రేవు దగ్గర కార్లు ఆపుకోకండి, తాడు కట్టే వాళ్లకి అడ్డం. గట్టు ఎక్కి ఆగండి, గోదారి కనపడేలా. గట్టు వెనక్కి దిగితే మట్టికట్ట అడ్డమొచ్చి అవతలి వాళ్లు వినపడరు. మొబైల్ డేటా మీద నడిచే వాకీటాకీ యాప్ ఒకటి అందరి ఫోన్లలో వేసుకోండి. ట్రిప్పుల మధ్య ఎడం పెరిగి ముందువాళ్లు సఖినేటిపల్లి దాటి పోతే అప్పటికి అది పనికొస్తుంది.