విశాఖపట్నంలో మధురవాడ నుంచి గాజువాకకు రోజూ ప్రయాణం: సొంత కారు కొనాలా, బస్సు మీద ఆధారపడాలా?

ప్రశ్న (మధురవాడ నివాసి):

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఎండాడలో పని చేసిన నాకు గత నెలలో గాజువాకకు బదిలీ అయింది. ఒక వైపు దూరమే పాతిక కిలోమీటర్లు దాటుతుంది. ఉదయం హనుమంతవాక కూడలి దగ్గర, సాయంత్రం ఎన్ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయి ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోతున్నారు. ఇంట్లో వారు కారు కొనమంటున్నారు. రోజంతా ఈ రోడ్ల మీదే ఉండే క్యాబ్ డ్రైవర్లు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది. సాయంత్రం గాజువాక నుంచి మధురవాడకు బుక్ చేస్తే డ్రైవర్లు ఎందుకు రద్దు చేస్తున్నారో కూడా దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (క్యాబ్ డ్రైవర్, గోపాలపట్నం):

అన్నగారూ, పదకొండేళ్లుగా ఈ ఊళ్లో క్యాబ్ నడుపుతున్నాను. ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. సాయంత్రం ఆరు గంటలకు గాజువాకలో మీ బుకింగ్ తీసుకుంటే షీలానగర్, ఎన్ఏడీ, కంచరపాలెం, తాటిచెట్లపాలెం, మద్దిలపాలెం దాటి మిమ్మల్ని దింపేసరికి గంటన్నర పడుతుంది. కిరాయి ప్రధానంగా కిలోమీటర్లను బట్టి వస్తుంది, నిలబడిపోయిన సమయానికి వచ్చేది చాలా తక్కువ. అదే గంటన్నరలో ద్వారకానగర్, సిరిపురం చుట్టుపక్కల మూడు చిన్న కిరాయిలు దొరుకుతాయి. పైగా రాత్రి మధురవాడ నుంచి తిరుగు కిరాయి దొరకక ఖాళీగా వచ్చిన రోజులు నాకు ఎన్నో ఉన్నాయి. అలాగని ఒప్పుకున్న బుకింగ్‌ను రద్దు చేయడం సరైనదని నేను అనను. రోడ్డు మీద నిలబడి ఎదురుచూసే మనిషి కష్టం నాకు తెలుసు.

ఇక కారు విషయం. మన ఊరికి ఒక పక్క సముద్రం, మరో పక్క సింహాచలం కొండలు ఉండటం వల్ల నగరం వెడల్పుగా పెరగలేక పొడుగ్గా సాగింది. కూర్మన్నపాలెం నుంచి కొమ్మాది దాకా స్టీల్ ప్లాంటు షిఫ్టు ఉద్యోగులు, కాలేజీ బస్సులు, శ్రీకాకుళం వైపు వెళ్లే బస్సులు అన్నీ 16వ నంబరు జాతీయ రహదారినే పట్టుకోవాలి. ఊరి బయటి నుంచి వెళ్లే ఆనందపురం–అనకాపల్లి ఆరు వరుసల రోడ్డు వచ్చాక దూరప్రాంతపు లారీలు కొంత తగ్గిన మాట నిజమే కానీ, ఆ ఖాళీని సొంత కార్లు త్వరలోనే నింపేశాయి. మీరు కారు కొన్నా ఎన్ఏడీ దగ్గర నా కారు వెనకే ఆగుతారు. తేడా ఏమిటంటే బ్రేకు, క్లచ్చు మీ కాలి కింద ఉంటాయి, నెల తిరిగేసరికి ఈఎంఐ కట్టాలి.

బస్సులు పెరిగితే మాకు నష్టమని చాలామంది అనుకుంటారు. నా అనుభవం అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఒక బస్సులో యాభై మంది ఎక్కితే ఆ మేరకు కార్లు, బైకులు తగ్గి దారి సాఫీగా ఉంటుంది, నేను రోజుకు రెండు కిరాయిలు ఎక్కువ తిప్పగలను. బస్సు దిగినవారికి ఇల్లు చేరడానికి ఆటోనో క్యాబో కావాలి, మాకు లాభం మిగిల్చేవి ఆ చిన్న దూరాలే. అందుకే బీఆర్‌టీఎస్ (బస్సులు వేగంగా వెళ్లేందుకు ప్రత్యేక దారుల ఏర్పాటు) గురించి తలచుకుంటే బాధ కలుగుతుంది. నగరాల అభివృద్ధికి కేంద్రం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద పెందుర్తి, సింహాచలం కారిడార్లలో రోడ్డు మధ్యన బస్సుల కోసమే వరుసలు వేశారు. ఆ వరుసల్లో ఇప్పుడు అన్ని రకాల వాహనాలూ తిరుగుతున్నాయి. అడవివరం దారిలో వెళ్లినప్పుడల్లా, ఇక్కడ అయిదు నిమిషాలకొక బస్సు నడిచి ఉంటే ఎంత మేలు జరిగేదో అని అనిపిస్తుంది.

జవాబు 2 (పెందుర్తి నుంచి రోజూ వచ్చే ఉద్యోగిని):

డ్రైవర్ గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం కల్పించే స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మాకు టికెట్ ఖర్చు లేదు. నాకు నెలకు మిగిలే డబ్బు చిన్నది కాదు. కానీ రద్దీ వేళల్లో మెట్ల మీద నిలబడవలసి వస్తోంది. రాత్రి తొమ్మిది దాటితే బస్సు ఎప్పుడు వస్తుందో తెలియక, స్టాపు దగ్గర వెలుగు లేక భయపడి క్యాబ్ బుక్ చేస్తున్నాను. టికెట్ ఖర్చు లేకపోవడం ఎంత ముఖ్యమో, బస్సు వేళకు రావడం కూడా అంతే ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మెట్రో రైలు వస్తుందని అంటున్నారు కదా, అప్పటిదాకా ఆగడం మంచిదంటారా?

జవాబు 3 (క్యాబ్ డ్రైవర్, గోపాలపట్నం):

విశాఖ మెట్రో సాధ్యాసాధ్యాలను పరిశీలించాలన్న మాట 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలోనే ఉంది. తొలి దశకు 46.23 కిలోమీటర్లు, మూడు కారిడార్లతో ప్రణాళిక వేశారు. అందులో పెద్దదైన స్టీల్ ప్లాంటు–కొమ్మాది కారిడార్ మీ దారే. అది రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను, కానీ దాన్ని చూసుకుని ఇవాళ నిర్ణయం తీసుకోకండి.

ఒక నెల ఇలా ప్రయత్నించి చూడండి. ఉదయం ఏడు గంటల లోపే మధురవాడలో బస్సు ఎక్కండి, ఎనిమిది దాటితే హనుమంతవాక దగ్గరే అరగంట పోతుంది. నేరుగా గాజువాక బస్సు దొరకకపోతే మద్దిలపాలెంలో మారవచ్చు, అక్కడి నుంచి కూర్మన్నపాలెం వైపు బస్సులు ఎక్కువ. సాయంత్రం ఆలస్యమైన రోజు గాజువాక నుంచి క్యాబ్ బుక్ చేయకుండా మద్దిలపాలెం దాకా బస్సులో వచ్చి అక్కడ బుక్ చేయండి. ఆ దూరానికి డ్రైవర్లు అంతగా వెనకాడరు, మీకు అయ్యే కిరాయి కూడా సగానికి తగ్గుతుంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ జరిగే రోజున మాత్రం వీలుంటే సెలవు పెట్టుకోండి. 32 కిలోమీటర్ల దారంతా భక్తులతో నిండి ఉంటుంది, హనుమంతవాక మీదుగా బస్సుగానీ క్యాబ్‌గానీ వేళకు రావడం కష్టం.