సమస్య: "ఖాళి గిన్నె లెన్నొ కడుపు నింపె"

నిర్వాహకుడు, తిరుపతి:
ఈసారి ఆటవెలది పద్యం నాలుగో పాదం సమస్యగా ఇస్తున్నా, ముందున్న మూడు పాదాలూ మీరే రాసి పూరించాలి. విషయం సుబోధ్ గుప్తా గిన్నెల కళ. 1964లో బీహార్‌లోని ఖగౌల్‌లో పుట్టిన ఈయన మన వంటింటి స్టీలు గిన్నెలు, చెంబులు, బకెట్లతోనే పెద్ద పెద్ద రూపాలు కడతారు. 2006 నాటి ‘వెరీ హంగ్రీ గాడ్’ (బాగా ఆకలిగొన్న దేవుడు) ఓ పుర్రె. 2008 నాటి ‘లైన్ ఆఫ్ కంట్రోల్’ అణుబాంబు మబ్బు, 26 టన్నులు. వర్ణన వద్దు, మీకేమనిపించిందో రాయండి.

పుత్తూరు తమ్ముడు:
"ఉక్కు గిన్నె లన్ని పుర్రెయై నిలువగ" దగ్గరే ఆగిపోయానన్నా, యతి కుదరడం లేదు.

నిర్వాహకుడు:
గణాలు, అంటే గురులఘువుల గుంపులు, సరిపోయాయి. కానీ పాదం మొదటి అక్షరం ఉ-కి నాలుగో గణం మొదటి అక్షరం పు యతిగా చెల్లదు. "పుర్రె గాను గిన్నె పోగులన్ నిలుపగ" అని చూడు. ఆకలిగొన్న దేవుడి మొహాన్ని ఖాళీ గిన్నెలతో చేశాడంటే సమస్యకు దారి అక్కడే ఉంది, వదలొద్దు.

కాణిపాకం మాస్టారు:
కొండ నెక్కి వచ్చి కూర్చున్న భక్తుల
యాకు నిండ వేడి యన్న ముంచి
యడుగు వరకు తోడి యందరి కందించి
ఖాళి గిన్నె లెన్నొ కడుపు నింపె

నిర్వాహకుడు:
నడక హాయిగా ఉంది మాస్టారూ, తిరుమల వెంగమాంబ అన్నప్రసాద భవనంలో పంక్తి కళ్లకు కట్టింది. కానీ ఇక్కడ గిన్నెలు నిండుగా ఉన్నప్పుడు కడుపు నింపి ఆ తర్వాత ఖాళీ అయ్యాయి, చిక్కు సులువుగా విడిపోయింది. ఖాళీ గిన్నె మీ మనసుకేం చేసిందో రాలేదు.

పలమనేరు అక్క:
ఆ అణుబాంబు మబ్బును నేను ఢిల్లీ సాకేత్‌లో చూశాను. తలెత్తగానే భయమేసింది, ఆ తర్వాత మా అమ్మ పెళ్లికి పేరు కొట్టించి ఇచ్చిన గిన్నెలే గుర్తొచ్చి చాలాసేపు కదల్లేకపోయా.

పెండ్లి కిచ్చి నట్టి పేరున్న గిన్నెలే
మంట మబ్బు గాగ మనసు కుంగె
అమ్మ చెయ్యి తాకి నట్టుగా తోచెను
ఖాళి గిన్నె లెన్నొ కడుపు నింపె

కాణిపాకం మాస్టారు:
మొదటి పాదం చాలా బాగుందమ్మా. రెండో పాదంలో కుంగిన మనసు మూడో పాదానికే ఎలా తేరుకుంది? "మనసు నిలిచె" అంటే గణమూ చెడదు, నడకా సాఫీగా ఉంటుంది.

పలమనేరు అక్క:
తేరుకోలేదండీ. బాంబూ అమ్మా రెండూ ఒకే గిన్నెలో కనబడ్డాయి, అందుకే "కుంగె" మార్చను.

నిర్వాహకుడు:
మార్చొద్దక్కా. ఈ వారం నాకు నచ్చిన పూరణ ఇదే. తమ్ముడూ, నీ మిగతా రెండు పాదాలు?