లైనక్స్‌లో ఒక్క థ్రెడ్‌ని మాత్రమే సేఫ్‌గా ఆపడం ఎలా?

నమస్కారం అండీ, సీలో రాసిన ఒక ప్రోగ్రామ్‌తో మూడు రోజులుగా కుస్తీ పడుతున్నాను. 5 థ్రెడ్లున్నాయి (ఒకే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనులు), ఒకటి సీరియల్ పోర్ట్ మీద రీడ్ చేస్తూ డేటా రాకపోతే అక్కడే ఆగిపోతుంది. కేబుల్ మార్చినప్పుడు ఆ ఒక్కదాన్నే ఆపాలి, మిగతా 4 నడుస్తూనే ఉండాలి.

ముందు థ్రెడ్‌ని రద్దు చేసే పీథ్రెడ్ క్యాన్సిల్ వాడాను. చాలాసార్లు బాగానే పనిచేసింది కానీ ఒకసారి లాగ్ ఫైల్‌కి రాస్తుండగా, మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌కే దొరికే లాక్) పట్టుకుని ఉండగానే థ్రెడ్ పోయింది, ఆ లాక్ కోసం మిగతావన్నీ కదలకుండా ఉండిపోయాయి. క్లీనప్ హ్యాండ్లర్ (థ్రెడ్ రద్దయ్యేటప్పుడు నడిచే కోడ్) పెడితే లాక్ వదులుతుంది, సరే, మరి సగం మార్చిన బఫర్ సంగతేంటి? ఒక థ్రెడ్‌కి సిగ్నల్ పంపే పీథ్రెడ్ కిల్‌తో సిగ్‌టర్మ్ (ఆగిపొమ్మనే సిగ్నల్) పంపితే ప్రాసెస్ మొత్తం పోయింది, అది నా పొరపాటే. తర్వాత సిగ్‌యూజర్1కి ఖాళీ హ్యాండ్లర్ పెట్టి, ఎస్ఏ రీస్టార్ట్ (సిగ్నల్ వచ్చాక రీడ్‌ని మళ్లీ మొదలుపెట్టే ఆప్షన్) తీసేశాను. రీడ్, సిగ్నల్ వల్ల మధ్యలో ఆగిందని చెప్పే ఈఇంటర్ ఎర్రర్‌తో బయటికొస్తోంది, కానీ ఆగాలా వద్దా అని చెప్పే ఫ్లాగ్ చూసిన తర్వాత, రీడ్‌లోకి వెళ్లేలోపు సిగ్నల్ వస్తే మళ్లీ ఇరుక్కుంటోంది.

ఇప్పుడు పోర్ట్‌నీ ఒక ఈవెంట్‌ఎఫ్‌డీనీ (థ్రెడ్‌ని మేల్కొలపడానికి వేరే థ్రెడ్ రాసేది) కలిపి పోల్ చేద్దామనుకుంటున్నాను, అంటే రెండింటిలో ఏది సిద్ధమైనా తెలిసేలా ఎదురుచూడటం, నాకైతే ఇదే సరైన దారి అనిపిస్తోంది. ఈవెంట్‌ఎఫ్‌డీకి రాసి, జాయిన్ అయ్యాకే (ఆ థ్రెడ్ ముగిశాకే) పోర్ట్ క్లోజ్ చేయాలి, ఈ వరుస కరెక్టేనా? అసలు టెన్షన్ ఇంకొకటి, రెండో పరికరానికి ఇచ్చిన లైబ్రరీ తన ఫైల్ డిస్క్రిప్టర్‌ని (తెరిచిన పరికరానికి సిస్టమ్ ఇచ్చే నంబర్) బయటికి ఇవ్వదు, టైమౌట్ కూడా లేదు. దాన్ని వేరే ప్రాసెస్‌లో పెట్టడం తప్ప దారి లేదా? ఇలాంటిది చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.