సర్వర్ రూమ్ మూసేసి మొత్తం క్లౌడ్‌కి వెళ్ళిపోవాలా? బెజవాడలో మా ఆఫీస్ పరిస్థితి ఇదీ

బెజవాడ_అడ్మిన్:
అందరికీ నమస్కారం అండి. మాది విజయవాడలో మందుల డిస్ట్రిబ్యూషన్ కంపెనీ, 11 బ్రాంచిలు, ఐటీ అంటే నేనూ ఇంకో కుర్రాడూ అంతే. మెట్ల కింద గదిలో 2018లో కొన్న మూడు సర్వర్లు, వాటి మీద 34 వీఎంలు (అంటే ఒకే సర్వర్‌లో విడివిడిగా నడిచే వర్చువల్ కంప్యూటర్లు), డేటా మొత్తం 4 టీబీ దాకా ఉంటుంది. మే నెలలో ఏసీ ఆగిపోయి గది 38 డిగ్రీలకి పోయింది, తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి రాత్రంతా అక్కడే కూర్చున్నా. మొన్న యూపీఎస్ మూత తీస్తే రెండు బ్యాటరీలు పక్కలకి ఉబ్బిపోయి ట్రేలోంచి బయటికి రావట్లేదు. ఇదంతా చూసి మా ఎండీ గారు మార్చికల్లా అంతా క్లౌడ్‌లో పెట్టేయ్, ఆ గది స్టాక్‌కి వాడుకుందాం అంటున్నారు. ఒక వెండర్ వచ్చి 34 వీఎంలనీ ఉన్నవి ఉన్నట్టు ఎత్తి పెడతాం అని కోట్ ఇచ్చాడు, అందులో నెలకయ్యే బిల్లు చూశాక నాకు నిద్ర పట్టట్లేదు. కొత్త సర్వర్లు కొందామంటే మళ్ళీ ఐదేళ్ళకి ఇదే గోల కదా అంటారు. చేసినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పవర్_రూమ్_రాజు:
తమ్ముడూ, క్లౌడ్ సంగతి తర్వాత, ముందు ఆ బ్యాటరీల సంగతి చూడు. ఉబ్బిందంటే లోపల వేడెక్కి గ్యాస్ పట్టింది అని, స్క్రూడ్రైవర్ పెట్టి పీకడం లాంటివి అస్సలు వద్దు. ఆదివారం సర్వర్లన్నీ పద్ధతిగా షట్‌డౌన్ చేసి బ్యాటరీ వాళ్ళతోనే తీయించు, తీసినప్పుడు ఆ రెండే కాదు సెట్ మొత్తం మార్చాలి, పాతవాటి మధ్య కొత్తవి పెడితే కొత్తవీ తొందరగా పోతాయి. ఈ సీల్డ్ బ్యాటరీలు 25 డిగ్రీల లెక్కన తయారు చేస్తారు, దాని మీద సుమారు 10 డిగ్రీలు ఎక్కువ ఉంటే ఆయుష్షు సగానికి పడిపోతుంది, మన ఊళ్ళల్లో ఐదేళ్ళ బ్యాటరీ రెండున్నరేళ్ళకే పోయేది అందుకే. సర్వర్ ముందు వైపు గాలి 18 నుంచి 27 మధ్య ఉంటే చాలు, గదంతా వణికేలా చల్లబరచక్కర్లేదు, కాకపోతే ర్యాక్‌లో (సర్వర్లు బిగించే స్టాండ్) ఖాళీ స్లాట్లు మూయాలి, లేకపోతే వెనక వేడి గాలి మళ్ళీ ముందుకొచ్చేస్తుంది. 2 వందల రూపాయల థర్మామీటర్ ఒకటి ర్యాక్ ముందు పైభాగంలో కట్టు, అసలు కథ అక్కడ తెలుస్తుంది.

కూకట్‌పల్లి_క్లౌడ్:
రాజు గారు చెప్పింది ఈ వారమే చేయండి. ఇక కోట్ విషయం, ఉన్నవి ఉన్నట్టు ఎత్తి పెడితే బిల్లు అలాగే వస్తుందండి, ఎందుకంటే మనం సొంత సర్వర్ మీద ఎలాగూ ఖాళీగా ఉంది కదా అని ఒక్కో వీఎంకి 8 కోర్లు 32 జీబీ ఇచ్చేస్తాం, అది వాడేది పది శాతం, క్లౌడ్‌లో మాత్రం ఇచ్చినదానికి డబ్బు కట్టాలి. ఒక నెల పాటు సీపీయూ, మెమరీ, డిస్క్ వాడకం రాసి పెట్టుకోండి. టెస్ట్ మెషిన్లు ఉంటే రాత్రి ఆపేయొచ్చు, వారానికి 168 గంటలు కదా, ఆఫీస్ టైం 60 గంటలే, మిగతా 108 గంటల కంప్యూట్ ఖర్చు మిగులుతుంది. రోజంతా ఒకే లోడ్‌తో నడిచే డేటాబేస్‌కి ఆ లాభం లేదు, దానికి సొంత సర్వరే చౌక పడొచ్చు. బయటికి వెళ్ళే డేటాకి జీబీ లెక్కన చార్జ్ ఉంటుంది, అది కోట్‌లో ఉందో లేదో అడగండి. 2024లో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ వాళ్ళ క్లౌడ్), గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ పూర్తిగా వదిలి వెళ్ళే కస్టమర్లకి ఆ చార్జ్ తీసేశాయి గానీ రోజువారీ వాడకానికి మాత్రం ఉంది. కొత్త సర్వర్లు కొంటే హైపర్‌వైజర్ (వీఎంలని నడిపే సాఫ్ట్‌వేర్) లైసెన్స్ కూడా లెక్కలో వేయండి, 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ కంపెనీ ఆ సాఫ్ట్‌వేర్ చేసే వీఎంవేర్‌ని కొన్నాక ఒకసారి కొనే లైసెన్స్ ఆపేసి సబ్‌స్క్రిప్షన్‌కి మార్చింది, చిన్న సెటప్ కాబట్టి అదే పని చేసే ప్రాక్స్‌మాక్స్, హైపర్-వీ కూడా చూడొచ్చు.

తెనాలి_శ్రీను:
మేం చేసిన తప్పు చెప్తానండి, మీరు చేయకండి. మా ఈఆర్‌పీ (బిల్లింగ్, స్టాక్ అన్నీ చూసే సాఫ్ట్‌వేర్) పాత రకం, బ్రాంచిలో ఉన్న సాఫ్ట్‌వేర్ నేరుగా డేటాబేస్‌తో మాట్లాడుతుంది. డేటాబేస్ ఒక్కటి తీసుకెళ్ళి క్లౌడ్‌లో పెట్టాం, మర్నాడు పొద్దున బిల్లింగ్ కౌంటర్ దగ్గర క్యూ రోడ్డు దాకా వచ్చింది. చూస్తే ఇన్‌వాయిస్ స్క్రీన్ ఒక్కటి తెరవడానికి 300 సార్లు డేటాబేస్‌ని అడుగుతోంది, ఆఫీస్‌లో ఉన్నప్పుడు అదేం తెలీదు, ఇప్పుడు పోయి రావడానికి 20 మిల్లీసెకన్లు, మొత్తం 6 సెకన్లు! అప్లికేషన్‌ని కూడా అక్కడే పెట్టి రిమోట్ డెస్క్‌టాప్‌లో (బ్రాంచికి స్క్రీన్ మాత్రమే వచ్చేలా) ఇచ్చేదాకా బ్రాంచి వాళ్ళతో తిట్లు తిన్నాం.

బెజవాడ_అడ్మిన్:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి, మా ఈఆర్‌పీ కూడా శ్రీను గారు చెప్పిన రకమే, భయమేసింది. ఎండీ గారు 2025 అక్టోబర్‌లో గూగుల్ వైజాగ్‌కి 15 బిలియన్ డాలర్లు ప్రకటించింది కదా, అదొచ్చేదాకా ఆగుదామా అని కూడా అడిగారు. ఇంకోటి, బ్యాకప్ మాది ఇప్పుడు అదే గదిలో నాస్‌లో (నెట్‌వర్క్‌కి తగిలించిన డిస్కుల పెట్టె) ఉంది.

కూకట్‌పల్లి_క్లౌడ్:
వైజాగ్ కోసం ఆగక్కర్లేదు, అది ఏఐ కోసం కడుతున్న హబ్, మనకి కావలసింది ముంబైలో 2016 నుంచీ హైదరాబాద్‌లో 2022 నుంచీ ఏడబ్ల్యూఎస్‌లోనే ఉంది. నాకు ఇందాకటిదాకా లేని భయం ఆ నాస్ మాట వినగానే పట్టుకుంది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్ళ డేటా తిరిగి రాలేదు. కాబట్టి మీరు క్లౌడ్‌కి పంపాల్సిన మొదటిది బ్యాకప్పే, కొన్ని రోజుల దాకా ఎవరూ చెరపలేకుండా లాక్ పెట్టి మరీ పంపండి, రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినా ఆ కాపీ ఉంటుంది. నాస్‌ని మాత్రం తీసేయొద్దు, వేరే బిల్డింగ్‌కి మార్చండి, ఎందుకంటే 4 టీబీ వెనక్కి తెచ్చుకోవాలంటే 100 ఎంబీపీఎస్ లైన్ ఫుల్‌గా నడిచినా దాదాపు 4 రోజులు, మీకు రోజు బిల్లింగ్ ఆగితే ఎంత నష్టమో ఎండీ గారికి ఆ లెక్కలో చెప్పండి. తర్వాత మెయిల్, ఫైల్ షేర్, టెస్ట్ మెషిన్లు పంపొచ్చు, ఈఆర్‌పీ రెండు కొత్త సర్వర్ల మీద ఉంచండి, లేదా హైదరాబాద్ కొలొకేషన్‌లో (మన సర్వర్లని అద్దెకి పెట్టుకునే డేటా సెంటర్) అప్లికేషన్‌తో సహా పెట్టండి.

బెజవాడ_అడ్మిన్:
అర్థమైందండి. మా రెండో గోడౌన్ ఆటోనగర్‌లో ఉంది, నాస్ అక్కడికి మారుస్తున్నా. బ్యాటరీ ఆయన ఆదివారం పొద్దున 7కి వస్తానన్నాడు, అయ్యాక ఇక్కడే ఫోటో పెడతా.