భీమిలి దగ్గర మండువా ఇల్లు: పైన షీటు వేయాలా, తెరిచి ఉంచాలా?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. భీమునిపట్నం పక్కన, సముద్రానికి 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న మా పల్లెలో, 600 గజాల స్థలంలో తూర్పు ముఖంగా ఇల్లు కట్టదలిచాము. వంటగది, స్నానాలగదులు, పెద్ద కిటికీలు ఈ కాలపు పద్ధతిలోనే ఉన్నా, నడుమ మండువా (పైన కప్పు లేకుండా ఆకాశానికి తెరిచి ఉండే నట్టిల్లు), చుట్టూ వసారా, అందులోకి తెరుచుకునే గదులు ఉండాలని మా నాన్నగారి కోరిక. మండువాకు 12 అడుగుల చదరం వదిలాము. వానకు, దొంగల భయానికి దాని మీద పాలికార్బొనేట్ షీటు వేయక తప్పదని మా ఇంజనీరు గారు అంటున్నారు. వేయవచ్చునా? వాన నీటిని ఎలా పంపించాలి?

సమాధానం

షీటు వద్దండీ. ఇంట్లోని వేడిగాలి పైకి పోయేది ఆ దారినే. దానిని మూసివేస్తే ఏప్రిల్ నాటికి నట్టింట పొయ్యి రాజేసినట్లే ఉంటుంది. అదీగాక 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు రేకులు ఎలా లేచిపోయాయో మీరూ చూసే ఉంటారు. విశాఖపట్నంలో కట్టడాలకు లెక్కలోకి తీసుకోవలసిన గాలి వేగమే సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు.

ఇక కొలత విషయం. మీరు చూడవలసింది నేల మీది చదరం కాదు, చూరుల మధ్య మిగిలే ఆకాశం. 12 అడుగులలో రెండు వైపులా 2 అడుగుల చొప్పున చూరు దిగితే మిగిలేది 8 అడుగులే. డిసెంబరు చివర మన దగ్గర మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తు దాటడు కనుక, 10 అడుగుల ఎత్తున ఉన్న దక్షిణపు చూరు నీడ దాదాపు 9 అడుగులు పరుచుకుంటుంది. అప్పుడు మండువా నేల మీద అడుగు పైచిలుకు మాత్రమే ఎండ పడి, మిగతాది ఉత్తరపు వసారాలోకి పోతుంది. పెద్దవారు ఆ వసారాలో చలి కాచుకోవడానికి అది బాగానే ఉంటుంది గాని, తడి ఆరని నేల పాచి పడుతుంది. అదే 16 అడుగుల చదరం వదిలితే 5 అడుగుల మేర ఎండ దక్కుతుంది. ఒక గదిని కాస్త కుదించైనా సరే, 16 అడుగులు వదలండి.

నీటి విషయంలో నేను పడిన పాట్లు మీరు పడకూడదు. లోపలికి వాలే కప్పులు, మండువా కలిపి వెయ్యి చదరపు అడుగులు ఉంటే, గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు సుమారు 4,600 లీటర్ల నీరు అక్కడికే చేరుతుంది. ఒక్క తూము చాలనుకున్నాను. తుపాను రాత్రి వేపాకులు, రెమ్మలు దాని జల్లెడ మీద చాపలా పరుచుకుని, తెల్లవారేసరికి వసారాలో రెండు వేళ్ళ లోతు నీరు నిలిచింది. బియ్యం బస్తా అడుగున తడిసి ఉబ్బింది. కాబట్టి ఎదురెదురు మూలల్లో రెండు 4 అంగుళాల తూములు పెట్టించి, వసారాను మండువా కంటే 6 అంగుళాలు ఎత్తు చేయించండి.

ఉప్పుగాలి తగిలే చోటు కనుక, బయటికి కనిపించే స్తంభాలకు, దూలాలకు ఎం-30 (బలాన్ని తెలిపే గ్రేడు) కాంక్రీటు, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కవరు (చువ్వలను కప్పే కాంక్రీటు మందం) తగ్గనివ్వకండి.

మళ్ళీ అడిగినవారు

చాలా సంతోషమండీ. రెండు సందేహాలు మిగిలాయి. నీరు ఈశాన్యానికే పోవాలని నాన్నగారి పట్టు. మా స్థలం వాలు ఆగ్నేయానికి ఉంది. మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, ఆ 6 అంగుళాల మెట్టు ఎక్కి దిగడం కష్టం.

సమాధానం

మండువా లోపలి వాలును ఈశాన్యపు తూముకే ఇప్పించండి. రెండవది నైరుతి మూలన, రెండు అంగుళాలు ఎగువన, పొంగినప్పుడు మాత్రమే పనిచేసేలా ఉంచండి. ఈశాన్యపు తూము దాటాక నేల కింది గొట్టం ఆగ్నేయానికి తిరిగినా నాన్నగారికి అభ్యంతరం ఉండకపోవచ్చు, మా ఇంట్లో అయితే లేదు. అమ్మగారి కోసం వంటగది వైపున 6 అంగుళాల మెట్టుకు బదులు 6 అడుగుల పొడవున గరుకు రాతి వాలు కట్టించి, గోడకు పట్టుకమ్మీ బిగించండి. దొంగల భయానికి పైన గాల్వనైజ్ చేసిన గ్రిల్ చాలు. గాలీ వెలుతురూ ఆగవు.

రాళ్ళు పరవక ముందు మేస్త్రీ చేత మండువాలో నాలుగు బిందెల నీళ్ళు గుమ్మరింపించి, ఎక్కడ నిలుస్తున్నాయో దగ్గరుండి చూసుకోండి.