బాలిస్టిక్ క్షిపణులే లేకపోతే అణుయుద్ధ భయం తగ్గుతుందా?

ప్రశ్న (వరంగల్, సివిల్స్ ప్రిపరేషన్):
అందరికీ నమస్కారం. 1986 అక్టోబర్‌లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో సోవియట్ నేత గోర్బచెవ్‌తో కూర్చున్నప్పుడు, పదేళ్లలో బాలిస్టిక్ క్షిపణులన్నీ (రాకెట్‌లా పైకి లేచి ఎత్తు నుంచి లక్ష్యం మీద పడేవి) తీసేద్దామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రతిపాదించారని చదివాను. బాంబర్లు, విమానంలా ఎగిరే క్రూయిజ్ క్షిపణులు మాత్రం ఉంటాయట. అరగంటలో ఖండాలు దాటొచ్చేది పోయి, ఎనిమిది పది గంటలు పట్టే విమానం మిగిలితే మంచిదే కదా? మరి అప్పటి బ్రిటన్ ప్రధాని థాచర్ అంత కంగారెందుకు పడ్డారు? కాస్త విడమరిచి చెప్పగలరా?

జవాబు 1:
థాచర్ సంగతి తేలికే. అప్పట్లో బ్రిటన్ అణుబలం ప్రధానంగా జలాంతర్గాముల్లోని పొలారిస్ క్షిపణుల మీదే ఉండేది, వాటి స్థానంలో అమెరికా నుంచి ట్రైడెంట్ క్షిపణులు కొనబోతోంది. రెండూ బాలిస్టిక్కే. అమెరికా మానేస్తే బ్రిటన్‌కి అమ్మేదెవరు? పైగా యూరప్‌లో సోవియట్ ట్యాంకుల బలం ఎక్కువ, దాన్ని ఆపేది అణ్వస్త్రాల భయమే అనుకునేవారు. అందుకే నవంబర్‌లోనే అమెరికా అధ్యక్షుడి విడిది క్యాంప్ డేవిడ్‌కి వెళ్లి, ట్రైడెంట్‌కి ఢోకా లేదని మాట తీసుకున్నారు.

జవాబు 2 (రిటైర్డ్ ఎయిర్‌ఫోర్స్ మెకానిక్, తెనాలి):
అమ్మా, అణ్వస్త్రాల దగ్గర నేనెప్పుడూ పనిచేయలేదు. కానీ విమానాన్ని సిద్ధంగా ఉంచడమంటే ఏమిటో బాగా తెలుసు. రన్‌వే చివర ఓఆర్‌పీ అని ఉంటుంది. అక్కడ జెట్లకి ఫ్యూయల్ నింపి, ఆయుధాలు తగిలించి పెడతాం. పైలట్లు జీ-సూట్ వేసుకునే పక్క గదిలో కూర్చుంటారు. హూటర్ మోగగానే మేం పరిగెత్తి, ఎర్ర రిబ్బన్లున్న సేఫ్టీ పిన్నులు ఒక్కోటీ పీకి, లెక్క సరిపోయిందని పైలట్‌కి ఎత్తి చూపించాలి. నిమిషాల్లో విమానం గాల్లో ఉండాలి. ఇంత చేసినా, ముందే ఆ బేస్ మీద అణుబాంబు పడితే అక్కడున్నదంతా తుక్కే.

అందుకని బాంబర్ ప్రయాణానికి ఎన్ని గంటలన్నది ఒక్కటే చూస్తే చాలదు. అవతలివాడి ఆయుధం బయల్దేరిందని మనకు తెలిశాక ఎంత టైముంటుందన్నది చూడాలి. బాలిస్టిక్ క్షిపణి లేస్తే దాని మంటను ఉపగ్రహం పట్టేస్తుంది, ఆపైన రాడార్లు చూస్తాయి. క్రూయిజ్ క్షిపణి అలా కాదు. తీరానికి 500 కిలోమీటర్ల దూరంలో జలాంతర్గామి నుంచి వదిలారనుకోండి. గంటకు 900 కిలోమీటర్ల లెక్కన అరగంట దాటుతుంది, నిజమే. కానీ నేలను రాసుకుంటూ వచ్చేదాన్ని రాడార్ చూసేది చివరి కొద్ది నిమిషాల్లోనే. మెల్లగా వచ్చేదే చెప్పకుండా వస్తుంది.

అప్పుడు కమాండర్ ఏం చేస్తాడు? విమానాల్ని బాంబులతో సహా గాల్లోనే తిప్పుతాడు. 1960లలో అమెరికా చేసింది అదే. 1966 జనవరి 17న స్పెయిన్‌లోని పలోమారెస్ మీద గాల్లో ఇంధనం నింపుకుంటూ అమెరికా బాంబర్ బీ-52, ఇంధనమిచ్చే ట్యాంకర్ విమానాన్ని గుద్దుకుంది. నాలుగు హైడ్రోజన్ బాంబులు రాలిపడ్డాయి, రెండింటిలోని పేలుడు పదార్థం పేలి పొలాల్లో ప్లుటోనియం చిమ్మింది. సముద్రంలో పడినదాన్ని తీయడానికి ఏప్రిల్ దాకా పట్టింది. 1968లో గ్రీన్‌లాండ్‌లోని థూలే దగ్గర మరో బీ-52 కూలింది. హీటర్ దగ్గర పెట్టిన సీటు దిండ్లు అంటుకున్నాయి, అంతే! ఆ తర్వాతే అణుబాంబులతో గాల్లో కాపలా మానేశారు. మెకానిక్‌గా చెప్తున్నా, నిత్యం ఎగిరే విమానాల్లో ఇలాంటివి జరిగి తీరతాయి.

జవాబు 3 (ప్రశ్న అడిగిన అమ్మాయి):
అర్థమైంది సార్. అయినా బాంబర్‌ని వెనక్కి పిలవొచ్చు కదా? క్షిపణిని పిలవలేం.

జవాబు 4 (తెనాలి):
అది చాలా పెద్ద మేలు, కాదనను. 1980 జూన్ 3న ఒక చిప్ పాడై, సోవియట్ క్షిపణులు వస్తున్నట్టు అమెరికా కంప్యూటర్లు చూపించాయి. బీ-52 సిబ్బంది ఇంజన్లు స్టార్ట్ చేశారు, తప్పని తేలాక ఆపేశారు. ఒకవేళ లేచినా వెనక్కి పిలిచే వీలుండేది. కానీ ఆ మేలు దక్కాలంటే క్రూయిజ్ క్షిపణులకూ, వాటిని మోసే జలాంతర్గాములు తీరానికెంత దగ్గరికి రావచ్చో దానికీ హద్దు పెట్టాలి. రేక్యవిక్‌లో రీగన్ పూర్తిగా తీసేద్దామన్నది బాలిస్టిక్ క్షిపణుల్నే. గోర్బచెవ్ అయితే బాంబర్లతో సహా వ్యూహాత్మక ఆయుధాలన్నీ పోవాలన్నాడు. చివరికి క్షిపణుల్ని అంతరిక్షం నుంచి అడ్డుకునే అమెరికా రక్షణ ప్రయోగాలు ల్యాబ్ దాటకూడదన్న ఆయన షరతు దగ్గర మొత్తం చర్చే ఆగిపోయింది.

మన దగ్గరైతే ఇంకా చిక్కు. అమృత్‌సర్ నుంచి లాహోర్ 50 కిలోమీటర్లే. ఆ వైపు విమానాన్ని వెనక్కి పిలిచే టైమూ దొరకదు. చైనా వైపు చూస్తే అస్సాంలోని తేజ్‌పూర్ నుంచి బీజింగ్ రెండున్నర వేల కిలోమీటర్ల పైమాటే, దారిలో టిబెట్ దాటాలి. ముందుగా అణ్వస్త్రం వాడబోమని 2003లో రాసుకున్నాం. అంటే మొదటి దెబ్బ తిన్నాక కూడా మన దగ్గర ఏదో ఒకటి మిగలాలి. హైదరాబాద్‌లో రూపుదిద్దుకున్న అగ్ని, విశాఖలో కట్టిన అణు జలాంతర్గామి అరిహంత్‌లోని కే-15 క్షిపణి, రెండూ బాలిస్టిక్కే. ఆ రెండూ తీసేస్తే ఆ బరువంతా ఓఆర్‌పీ మీద నిలబెట్టిన విమానాల మీద పడుతుంది. రన్‌వేలు పోతే ఎక్కడి నుంచి లేస్తాయో చెప్పకుండా ఎవరైనా ఈ ప్రతిపాదన తెస్తే నేను ఒప్పుకోను.