ఫోన్‌లో పాఠం వినిపిస్తే బాబు సొంతంగా చదవడం మానేస్తాడా? డిస్లెక్సియా పిల్లల పేరెంట్స్ చెప్పండి ప్లీజ్

బుజ్జిగాడి_అమ్మ
అందరికీ నమస్తే అండి. మా బాబుకి 9 ఏళ్ళు, ఈమధ్యే డిస్లెక్సియా అని అసెస్‌మెంట్‌లో తేలింది. సైన్స్ పాఠం నేను చదివి వినిపిస్తే మొత్తం పట్టేస్తాడు, ఎదురు ప్రశ్నలు కూడా వేస్తాడు, అదే పాఠం వాడిని చదవమంటే రెండు లైన్లకే ఏడుపు. తెలుగులో ఒత్తులు వస్తే ఆగిపోతాడు, మ కి య, ప కి వ చదివేస్తాడు. యాప్స్ వెతికితే బోలెడు కనిపిస్తున్నాయి, ఏది పనికొస్తుందో తెలీట్లేదు. ఫోన్ చదివి పెడితే వాడికి బద్ధకం వస్తుంది, ఇక పుస్తకం ముట్టడు అని ఇంట్లో పెద్దవాళ్ళు గట్టిగా అంటున్నారు. డిస్లెక్సియా ఫాంట్ అని కూడా ఒకటి ఉందట కదా, అది పనిచేస్తుందా?

స్పెషల్_ఎడ్యుకేటర్_క్లాస్‌రూమ్
మేడం, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది, వింటే అర్థమవుతోంది అంటున్నారు కదా, అంటే వాడి తెలివికి ఏ లోటూ లేదు, అక్షరాన్ని శబ్దంగా మార్చే దగ్గరే ఇబ్బంది. అందుకే పాఠం తెలుసుకోవడం, చదవడం నేర్చుకోవడం, ఈ రెండు పనులూ విడదీయండి. సైన్స్, సోషల్ లాంటివి విననివ్వండి, లేకపోతే చదవలేడు కాబట్టి సబ్జెక్ట్ కూడా వెనకపడిపోతుంది, అది అన్యాయం. చదవడం నేర్పడానికి రోజూ కొంచెం టైమ్ విడిగా పెట్టండి, అక్షరం-శబ్దం, గుణింతాలు, ఒత్తులు ఒక వరసలో. ఆ పని ఏ యాప్ మీదా వదిలేయొద్దు, పక్కన మనిషి కూర్చోవాల్సిందే.

కొత్త యాప్ కొనే ముందు ఫోన్‌లో ఉన్నవి చూడండి. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో 'సెలెక్ట్ టు స్పీక్' ఉంటుంది, స్క్రీన్ మీద మనం ఎంచుకున్న అక్షరాల్ని చదివి వినిపిస్తుంది, గూగుల్ వాయిస్‌లో తెలుగు కూడా ఉంది, స్పీడ్ తగ్గించి పెట్టండి. కంప్యూటర్‌లో అయితే పాఠాన్ని పైకి చదివి పెట్టే మైక్రోసాఫ్ట్ ఇమ్మర్సివ్ రీడర్ ఫ్రీ, వర్డ్‌లో, ఎడ్జ్‌లో ఉంటుంది, లైన్ ఫోకస్ పెడితే స్క్రీన్ మీద ఒకటో మూడో లైన్లే కనిపిస్తాయి, పేజీ చూసి బెదిరిపోయే పిల్లలకి ఇది చాలా హాయి. వినేటప్పుడు కళ్ళు కూడా ఆ పదం మీదే ఉండేలా చూడండి, ఊరికే చెవిన వేస్తే చదవడానికి పెద్దగా సాయపడదు.

ఫాంట్ సంగతి, ఓపెన్‌డిస్లెక్సిక్ ఇంగ్లీషు అక్షరాలకి చేసింది, దాంతో చదివే వేగం పెరుగుతుందని పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. అక్షరాల మధ్య దూరం పెంచితే మాత్రం ఉపయోగం కనిపించింది, 2012లో ఇటాలియన్, ఫ్రెంచ్ పిల్లల మీద చేసిన స్టడీ ఉంది. తెలుగులో అయితే నేను అక్షరాల సైజు పెంచి లైన్ల మధ్య బాగా జాగా వదులుతాను, కింది ఒత్తు పై లైన్‌దో కింది లైన్‌దో పిల్లలకి తికమక ఉండదు. రంగు కళ్ళద్దాలు అమ్ముతారు, వాటి జోలికి వెళ్ళకండి, అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2009లోనే వాటికి ఆధారం లేదని చెప్పేసింది.

నాన్న_ఆఫ్_ఇద్దరు
మేడం చెప్పింది నిజం. మా పెద్దాడికి స్టోరీవీవర్ అనే కథల వెబ్‌సైట్ బాగా కుదిరింది, ఫ్రీ, తెలుగు కథలు లెవెల్స్ వారీగా ఉంటాయి, నచ్చినవి ప్రింట్ కూడా తీసుకోవచ్చు. గూగుల్ రీడ్ అలాంగ్ కూడా చూడండి, పిల్లాడు పైకి చదువుతుంటే విని తప్పు దగ్గర సాయం చేస్తుంది. అయితే అది ప్రాక్టీస్‌కే, స్కూల్ పాఠాలకి కాదు. ఇంకోటి, టెక్స్ట్‌బుక్ పేజీని గూగుల్ లెన్స్‌తో తీసి చదివించొచ్చు కానీ తెలుగు ఒత్తుల దగ్గర తప్పుగా గుర్తిస్తుంది, ముందు మీరు ఒకసారి సరిచేసి ఇవ్వండి, అసలే తికమకలో ఉన్న పిల్లలకి తప్పు స్పెల్లింగ్ చూపిస్తే ఇంకా కష్టం.

పాప_కోసం
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి, మా పాపకి ఆటిజం, 5 ఏళ్ళు, ఇంకా మాటలు రాలేదు. బొమ్మ నొక్కితే మాట పలికే యాప్స్ పెట్టమంటున్నారు, పెడితే ఇక మాట్లాడదేమో అని భయంగా ఉంది.

స్పీచ్_థెరపీ_వర్క్
భయపడకండి అమ్మా. వీటిని ఏఏసీ అంటాం, అంటే మాటకి తోడుగా గానీ బదులుగా గానీ వాడే పద్ధతులు, దీనివల్ల మాటలు ఆగిపోతాయన్నదానికి ఆధారం లేదు, 2006లో వచ్చిన ఒక రివ్యూలో చాలామందిలో మాట కొంచెం పెరగడమే కనిపించింది. సీబోర్డ్ అనే అలాంటి యాప్ ఓపెన్ సోర్స్, బ్రౌజర్‌లోనే వాడొచ్చు, ముందు దాంతో చూడండి. ఒకటే మాట, పాప చేతికిచ్చి నొక్కమనడం కాదు, మీరు మాట్లాడుతూ మీరే నొక్కి చూపించాలి, 'ఇంకా', 'వద్దు', 'ఆపు' లాంటివి ముందు పెట్టండి, జంతువుల పేర్లు తర్వాత. ట్యాబ్ పాపకి ఎప్పుడూ అందేలా ఉంచండి, అల్లరి చేసిందని లాగేసుకోవద్దు, అది తన నోరు.

బుజ్జిగాడి_అమ్మ
అందరికీ చాలా థాంక్స్ అండి, సెలెక్ట్ టు స్పీక్ మా ఫోన్‌లోనే ఉంది, ఇన్నాళ్ళూ చూడనే లేదు. మరి రాయడం సంగతి? నోటితో జవాబు బాగా చెప్తాడు, పేపర్ మీద ఒక్క లైనే వస్తుంది.

స్పెషల్_ఎడ్యుకేటర్_క్లాస్‌రూమ్
గూగుల్ కీబోర్డ్ జీబోర్డ్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది, నోటితో చెప్తే అదే టైప్ చేస్తుంది. ముందు వాడు నోటితో జవాబు చెప్పాలి, స్క్రీన్ మీద వచ్చింది వినాలి, తప్పులు వాడే పట్టుకోవాలి, చివర్లో అందులోంచి రెండు మూడు వాక్యాలే చేత్తో రాయాలి. టీచర్‌ని కలిసి చూపించండి, పరీక్షలో ఎక్కువ టైమ్, ప్రశ్న చదివి వినిపించడం రాతపూర్వకంగా అడగండి, అసెస్‌మెంట్ రిపోర్ట్ కాపీ జత చేయండి.